ఘాటెక్కని లాప్‌టాప్

"మా రోజుల్లో" అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ, లాప్‌టాప్ మూత తెరిచి ఉంటే చాలు, పిల్ల చదువుకుంటోందని ఇంట్లో టీవీ సౌండు తగ్గించే రోజులు మాత్రం నేను పూర్తిగా అనుభవించాను. నేనప్పుడు ఇంజనీరింగు రెండో సంవత్సరం. మాది సాలూరు. మా నాన్న లారీ డ్రైవరు. మా ఊళ్ళో ఇంటికొక డ్రైవరు, వీధికొక మెకానిక్కు ఉంటారు కాబట్టి అదేమీ విశేషం కాదు. మా వీధిలో లాప్‌టాప్ మాత్రం విశేషమే. నేను దాన్ని ముందు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటే, పక్కింటి పెద్దమ్మ కుళాయి దగ్గరి ఆడవాళ్ళని "పాప సదువుకుంటన్నాది, మెల్లిగా మాటాడండే" అని అదిలించేది. ఆ మాట వినగానే నాకు సిగ్గు వేయాలి. వేసేది కాదు. ఎందుకంటే ఆ సమయానికి నేను పద్నాలుగు చక్రాల లారీని మంచుకొండల మీద నడుపుతూ ఉండేదాన్ని.

(అవును, లారీ ఆటే. లోకంలో ఇన్ని ఆటలుండగా లారీ డ్రైవరు కూతురికి లారీ ఆటే దొరికిందా అని మీరు అడగొచ్చు. తెలిసిన పని కాబట్టి నచ్చింది. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు.) కానీ నాన్నకి తెలిస్తే అది చిన్న విషయం కాదు. "ఈ స్టీరింగు నాతోనే ఆఖరు. మా పాప కుర్సీలో కూకుని పని సేస్తాది" అని లారీ స్టాండులో టీ తాగే ప్రతి మనిషికీ ఆయన చెప్పేవాడు. అలాంటి మనిషి కొనిచ్చిన మిషనులో కూతురు మళ్ళీ స్టీరింగే పట్టుకుందని తెలిస్తే, లాప్‌టాప్ బీరువాలోకి పోతుంది, నా మీద ఉన్న నమ్మకం కూడా దాని వెనకే పోతుంది. ఈ రెండిట్లో నీకు ఏది ఎక్కువ బాధ అని అప్పుడెవరైనా అడిగి ఉంటే, నిజం చెప్తున్నాను, లాప్‌టాప్ అనే అనేదాన్ని.

దసరాకి ఇంటికొచ్చాను. ఆ వెనకే పరీక్షల ముందు ఇచ్చే సెలవులు కలిసి రావడంతో ఉండిపోయాను. పండగ వెళ్ళిన రెండో రోజు మధ్యాహ్నం, అమ్మ భోజనం చేసి కాస్త నడుం వాల్చిన వేళ, ఇరవై టన్నుల కలప వేసుకుని కొండ ఎక్కుతున్నాను. మలుపు తిరిగానో లేదో, లాప్‌టాప్ లోపలి ఫ్యాను ఒక్కసారి పిండిమరలాగా హోరెత్తింది, తెర నల్లబడింది, మిషను చచ్చింది. మళ్ళీ వేశాను. ఇరవై నిమిషాలు నడిచి మళ్ళీ చచ్చింది. హాస్టల్లో అంతకు ముందు నెల్లాళ్ళు ఏ లోటూ లేకుండా కొండలెక్కిన బండి, ఇంటికొచ్చేసరికి ఇలా మొరాయించడం నాకు అర్థం కాలేదు. ఇంజనీరింగు విద్యార్థిని కదా, వైద్యం నేనే మొదలుపెట్టాను. ఆటని తీసేసి మళ్ళీ ఎక్కించాను. బ్యాటరీ ఊడదీసి మళ్ళీ పెట్టాను. ఇంటర్నెట్లో నాలాంటి బాధితులు రాసుకున్నవి కనీసం నలభై చదివి, నలభై మంది చెప్పిన నలభై పనులూ చేశాను. ఆఖరికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫ్యానుని లాప్‌టాప్ వైపు తిప్పి, దాని కింద స్టీలు పళ్ళెంలో ఐసు ముక్కలు పోసి పెట్టాను. పళ్ళెం మీద చపాతీ పీట, పీట మీద లాప్‌టాప్. చూడ్డానికి ఏదో వ్రతం చేస్తున్నట్టుండేది.

ఆ వ్రతం మధ్యలో అమ్మ లేచి వచ్చింది. చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ, "ఏటే ఇది, మడిసికి గాలి నేదు గానీ మిషనుకి ఫ్యానా?" అంది. నిజం చెప్పే అవకాశం నాకు దొరికిన మొదటి క్షణం అదే. "చదువుకుంటుంటే ఆగిపోతోందమ్మా" అన్నాను. అమ్మ ముఖంలోని విసుగు అలాగే కరిగిపోయి జాలి అయిపోయింది. "అయ్యో తల్లీ, అందుకా నాలుగు రోజుల్నించి అలగ దిగులుగా ఉన్నావు" అని, విసనకర్ర తెచ్చుకుని ఆ మూలన కూర్చుంది. ఆ విసనకర్ర చప్పుడుకైనా నాకు నోరు పెగలాల్సింది. పెగల్లేదు.

నాన్న జయపురం ట్రిప్పు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునే లోపే అమ్మ విషయం చేరవేసింది. "ఆ మిషను పాపని సదువుకోనివ్వట్నేదు. ఇరవై నిమిషాలకోపాలి సచ్చూరుకుంటన్నాది" అని. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఏదీ, సదువు. సూద్దాం." ఇక చేసేదేముంది, ఎలక్ట్రికల్ మెషీన్స్ నోట్సు తెరిచాను. నాన్నకి ఇంగ్లీషు రాదు గానీ, పేజీ కదలడం లేదని మాత్రం తెలుస్తుంది. రెండు నిమిషాలకోసారి "అదే కాయితం మీదున్నావేటి?" అనేవాడు. దాంతో నిజంగానే చదవాల్సి వచ్చింది. రెండు గంటల్లో రెండు అధ్యాయాలు చదివాను. ఆ సెమిస్టరు మొత్తమ్మీద నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదివింది ఆ రెండు గంటలే, పరీక్షలో ఆ రెండు అధ్యాయాల నుంచే రెండు ప్రశ్నలు వచ్చాయి కూడా. లాప్‌టాప్ మాత్రం ఆగలేదు. చల్లగా, హాయిగా, నా మీద ఏదో కక్ష ఉన్నట్టు నడిచింది.

"బాగానే ఉన్నాది గదేటి" అన్నాడు నాన్న. మర్నాడు ఆయన స్టాండుకి వెళ్ళగానే కొండెక్కాను, మలుపులో ఆగిపోయింది, అమ్మ చూసింది, సాయంత్రానికి మళ్ళీ ఫిర్యాదు వెళ్ళింది. ఇలా వారం రోజులు. నాన్న కూర్చుంటే ఆగదు, లేస్తే ఆగుతుంది. ముప్ఫై ఏళ్ళు బండ్లతో బతికిన మనిషికి అది పౌరుషం తెప్పించింది. "నాను సూసినంతసేపు బుద్ధిగా ఉంటాది, నాను కదిల్తే ఏసాలేస్తాది. ఇది కొత్త బండి కాదే. పాత ఇంజనుకి రంగేసి మనకంటగట్టేడు ఆ టైపు మేష్టారు" అన్నాడు.

ఈ టైపు మేష్టారి గురించి చెప్పాలి. విజయనగరంలో కంప్యూటర్ల కొట్టు ఆయనది. అంతకు ముందు అక్కడే టైపు నేర్పేవారు, ఆ పేరు ఉండిపోయింది. సన్నగా, తెల్లచొక్కాలో, గట్టిగా మాట్లాడితే కీబోర్డు బెదురుతుందేమో అన్నట్టు ఉంటారు. లాప్‌టాప్ కొన్న రోజు ఆయన నాన్నకి కుర్చీ వేసి, "మీ పాప చదువుకి ఇది చాలండి, ఇంతకంటే పెద్దది అనవసరం" అని చెప్పి, పెద్దది అమ్మగలిగీ చిన్నది అమ్మిన మనిషి. ఆ మాటకే నాన్న స్టాండులో నెల్లాళ్ళు ఆయన్ని పొగిడాడు. ఇప్పుడు అదే నోటితో తిట్టడం మొదలుపెట్టాడు. "ఆడకూతురు సదువు కాడ మోసం సేస్తాడా? మంగళారం సిమెంటు లోడెత్తడానికి ఇజీనారం ఎల్తన్నాను గదా, తేల్చుకునే వస్తాను." మా మావయ్య (అమ్మ తమ్ముడు, ఆయనా డ్రైవరే, తగువంటే పెళ్ళిభోజనం లాంటిది ఆయనకి) అక్కడే ఉండి, "నానూ వస్తాను బావ, ఒక్కడివీ ఎల్లకు" అన్నాడు.

"వద్దు నాన్నా, నేను సర్దుకుంటాను. ఆగినప్పుడు మళ్ళీ వేసుకుంటాను" అన్నాను. ఆ మాట విన్న నాన్న కళ్ళు చెమర్చాయి. "సూసేవా" అన్నాడు మావయ్యతో, "కష్టపడతన్నాది గానీ ఒక్కమాట సెప్పదు. అచ్చం మా యమ్మ గుణం." దాంతో వెళ్ళడం ఖాయమైపోయింది.

మంగళవారం పొద్దున్నే ఖాళీ లారీ కేబిన్లో ముగ్గురం బయల్దేరాం. స్టీరింగు దగ్గర నాన్న, ఆ చివర మావయ్య, మధ్యలో నేను, నా ఒళ్ళో బ్యాగులో లాప్‌టాప్. దారంతా నాన్న అనబోయే మాటలు ఒకటికి రెండుసార్లు అని చూసుకుంటున్నాడు, మావయ్య వాటికి పదును పెడుతున్నాడు. నేను లోపల ఇంకో మాట అని చూసుకుంటున్నాను. రామభద్రపురం దాటాక చెప్పేస్తాను అనుకున్నాను. దాటింది. గజపతినగరంలో టీకి ఆపుతారు, అక్కడ చెప్పేస్తాను అనుకున్నాను. ఆపారు, టీ తాగాను, బిస్కెట్టు కూడా తిన్నాను, చెప్పలేదు. విజయనగరం వచ్చేసింది.

కొట్లో మేష్టారు మమ్మల్ని చూసి సంతోషంగా లేచారు. నాన్న కూర్చోలేదు. "ఏటండి మేష్టారు, మంచోరనుకున్నాం" అని మొదలుపెట్టి, దారిలో సిద్ధం చేసుకున్నదంతా వరసగా అప్పగించాడు. మావయ్య గుమ్మం దగ్గర నిలబడి, అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ "పాతది కొత్తదని అమ్మేసేరు" అని వివరిస్తున్నాడు. అప్పుడే కొట్లో ఒక తండ్రీ కూతురూ లాప్‌టాప్‌లు చూస్తున్నారు. ఆ తండ్రి చేతిలోది నెమ్మదిగా కింద పెట్టి, "మళ్ళీ వస్తామండి" అని కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. మేష్టారు వాళ్ళ వంక చూసి, నాన్న వంక చూసి, లాప్‌టాప్ తీసుకుని నావైపు తిరిగారు. "ఏం చేస్తుంటే ఆగుతోందమ్మా?"

"చదువుతుంటే" అన్నాను. ఆయన నా నోట్సు తెరిచారు, ఇంకో పది ఫైళ్ళు తెరిచారు, కూర్చుని చూశారు. ముప్పావు గంట గడిచింది. ఆగలేదు. వీధిలో పోయేవాళ్ళు నలుగురైదుగురు గుమ్మంలో పోగయ్యారు. మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నా కంటికి దీంట్లో ఏ లోపమూ కనబడ్డం లేదండి. కానీ పాప అబద్ధమాడదు కదా. ఇది తిరిగి తీసేసుకుంటాను, వేరేది ఇస్తాను. ఒక్కటే మాట. ఈ కొట్లో నన్నెవరూ మోసగాడన్లేదండి ఇంతవరకూ." ఆయన గొంతు పెంచి ఉంటే బాగుండేది. పెంచలేదు. పాప అబద్ధమాడదు అన్న ముక్క దగ్గర నేను నేల వైపు చూశాను.

నాన్న కూడా ఒక్క నిమిషం తగ్గాడు. దగ్గరికొచ్చి, లారీ బానెట్ మీద వేసినట్టు అరచెయ్యి లాప్‌టాప్ మీద వేశాడు. "సల్లగా ఉన్నాది. ఇంటికాడ మాయావిడ ముట్టుకుంటే సురుక్కుమందంట. మేష్టారూ, ఇది ఖాళీ బండిలాగ తిరగతన్నాది. మా బండీ ఖాళీగా సాలూర్నించి ఇజీనారం ఊసు నేకుండా వచ్చెస్తాది. లోడెట్టి కొండ ఘాటెక్కిస్తే గదా దాని సంగతి తెలుస్తాది. దీనికి లోడంటే ఏటి? అది ఎయ్యండి."

మేష్టారు ఆలోచించారు. "దీనికి లోడంటే ఆటలేనండి. మరి చదువుకునే పిల్ల మిషన్లో ఆటలెక్కడుంటాయి..." అంటూ నావైపు చూశారు. ఆ చూపులో అనుమానం లేదు, అదే నా ప్రాణం తీసింది. ఆయన చెయ్యి నోట్సు మూసేసి, తిరిగి తీసుకున్నట్టు రాయడానికి కాగితం లాగింది. గుమ్మంలో అందరూ చూస్తున్నారు. ఇక ఆ కాగితం మీద పెన్ను పడితే, ఆ మనిషి జన్మంతా నా మూలంగా మోసగాడైపోతాడు.

"ఉంది మేష్టారూ" అన్నాను. "ఆట ఉంది. చదువుతుంటే ఎప్పుడూ ఆగలేదు. ఆడితేనే ఆగుతుంది."

మావయ్య గుమ్మంలోంచి రోడ్డు మీదికి దిగిపోయాడు (తగువుల్లో ఆరితేరిన వాళ్ళకి ఎప్పుడు దిగాలో కూడా తెలుస్తుంది). నాన్న స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "ఆడు" అన్నాడు.

అంత కష్టమైన ఆట నేను జన్మలో ఆడలేదు. తెర మీద లారీ రాగానే నాన్న ముందుకి వంగాడు. "ఓసి, ఇది లారీయే గదా" అన్నాడు. తర్వాత కాసేపటికి, మెల్లిగా, "గేరు దించు". నేను దించాను. "మలుపు కాడ అంత యెడల్పు తియ్యకు." తియ్యలేదు. గుమ్మంలో ఉన్నవాళ్ళు లోపలికొచ్చి వెనక నిలబడ్డారు. పదహారో నిమిషానికో పదిహేడో నిమిషానికో ఫ్యాను హోరెత్తింది, తెర నల్లబడింది. ఒక మిషను చచ్చిపోతే అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మేష్టారు గబగబా దాన్ని బోర్లించి, "వేడి, వేడి. గాలి పోవట్లేదు" అంటూ వెనకవైపు వేడి గాలి పోయే జాలీ దగ్గర లైటు వేశారు. వేసి, వేలితో గీకి చూశారు. "ఇదేంటమ్మా, గంధమా?"

ఇక్కడ మా ఇంటి ఆయుధపూజ గురించి ఒక మాట. దసరాకి మా నాన్న లారీకి, జాకీకి, స్పానర్లకి బొట్లు పెడతాడు. ఆ ఏడు వాటి వరసలో నా లాప్‌టాప్ కూడా చేరింది, అదీ నా పనిముట్టే కదా అని. లారీకి బొట్టు ఎక్కడ పెడతారు? ముందు రేడియేటర్ జాలీ మీద. లాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తే నాన్నకి వెనక జాలీ కనబడింది. మూతి ఇదే అనుకున్నాడు. చిక్కగా గంధం తీసి, ఐదు బొట్లు నిండుగా పెట్టి, మీద కుంకుమ అద్దాడు. పూజ బొట్టు చేత్తో తుడవకూడదు, దానంతటదే పోవాలని మా ఇంట్లో పట్టింపు. లారీకైతే ఘాటు గాలి, వాన తీసుకుపోతాయి. లాప్‌టాప్‌కి ఏ వాన కురుస్తుంది? గంధం ఎండి బిగుసుకుంది, కుంకుమ ఫ్యానులోకి పోయింది. నలభై మంది సలహాలు చదివిన నేను ఒక్కసారి వెనక్కి తిప్పి చూసుకోలేదు. (పరీక్షల్లో నా మార్కులు ఎందుకలా ఉండేవో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.)

మేష్టారు సన్నని బ్రష్షుతో గీస్తుంటే బల్ల మీద పసుపూ ఎరుపూ పొడి రాలింది. నాన్న దాన్ని వేలితో అద్దుకుని చూశాడు. "రేడియేటర్ నానే మూసెసాను" అన్నాడు. మొదట నవ్వింది మేష్టారే. శబ్దం లేకుండా, భుజాలు కదిలేలా నవ్వారు. శుభ్రం చేశాక మళ్ళీ కొండెక్కించారు. గంట సేపు ఎక్కింది, దిగింది, ఆగలేదు.

నాన్న లేచి బయటికి వెళ్ళాడు. కోపంతో వెళ్ళిపోయాడనుకున్నాను. రోడ్డుకి అవతల ఇంకో కంప్యూటర్ల కొట్టు ముందు ఇందాకటి తండ్రీ కూతురూ కొట్లన్నీ తిరిగొచ్చి నిలబడి బేరం చేస్తున్నారు. నాన్న రోడ్డు దాటి వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు, చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు, తల మీద కొట్టుకున్నాడు, మేష్టారి కొట్టు వైపు చూపించాడు. కాసేపటికి ఆ ఇద్దర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి అందరికీ వినబడేలా, "మిషను మంచిదే. మేష్టారూ మంచోరే. తప్పు మాది, నాదీ మా పాపదీ" అన్నాడు. నాన్న ఎవరికైనా తప్పు ఒప్పుకోగా నేను చూడ్డం అదే మొదలు. మేష్టారు ఆయనకి మళ్ళీ కుర్చీ వేశారు. ఈసారి నాన్న కూర్చున్నాడు.

సిమెంటు లోడెత్తుకుని మధ్యాహ్నం తిరిగి బయల్దేరాం. మావయ్య కిటికీకి తల ఆనించి నిద్ర నటిస్తున్నాడు. గజపతినగరం వెళ్ళింది, రామభద్రపురం వచ్చింది. ఇక ఆగలేక నేనే, "నాన్నా, తిట్టు" అన్నాను.

"ఆడతన్నానని ముందే సెప్తే ఏటయ్యేది?" అన్నాడు.

"తిట్టేవాడివి."

"తిట్టేవోణ్ణే" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నాను తిడతాను, నువ్వు ఏడుస్తావు. బండి మాత్రం ఆ రోజే బాగయిపోయుండును గదే. మెకానిక్కు కాడ దాస్తే బండి రోగమెలగ తెలుస్తాది?"

ఆ తర్వాత తిట్టాడు. బాగానే తిట్టాడు. చదువు గురించి, మేష్టారి గురించి, అమ్మ చేత విసనకర్ర పట్టించినందుకు, ఆఖర్న మూడో మలుపులో నేను తీసుకున్న గేరు గురించి కూడా. నేను ఏడ్చాను, మధ్యలో ముక్కు తుడుచుకోడానికి ఆయన తువ్వాలే ఇచ్చాడు. లాప్‌టాప్ బీరువాలోకి పోలేదు, పరీక్షలయ్యేదాకా అమ్మ దగ్గర ఉంటుందని తీర్పు వచ్చింది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని పని చేస్తూ, అప్పుడప్పుడూ ఆ పిల్లని తలుచుకుంటాను. ఐసు ముక్కల మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఎంత భయపడిందో పాపం. ఆ తిట్లు తప్పించుకోడానికి అది రెండు వారాలు అబద్ధాలాడింది, ఒక పెద్దమనిషిని నవ్వులపాలు చెయ్యబోయింది. తీరా చూస్తే ఆ తిట్లు రామభద్రపురంలో మొదలై, సాలూరు రాకుండానే అయిపోయాయి.